రాయచూరుకు చివరి నూరు మీటర్లు

పెద్ద లైన్లు కలుసుకోవడం రాయచూరుకు కొత్త కాదు. 1871లో బొంబాయి వైపు నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా వచ్చిన మద్రాసు రైల్వే ఇక్కడే కలిశాయి. 2013 డిసెంబరు 31న దక్షిణాది విద్యుత్ గ్రిడ్ దేశపు గ్రిడ్‌తో జతపడింది కూడా రాయచూరు-సోలాపూర్ 765 కిలోవోల్టుల లైను మీదుగానే. ఇంతటి కూడలి అయినా, ఈ జిల్లా రాజ్యాంగంలోని 371జె అధికరణం కింద ప్రత్యేక ఏర్పాట్లు అవసరమైన ప్రాంతంలోనే ఉంది. లైను ఊరి మీదుగా పోయినంత మాత్రాన అది ఊరివాళ్ల చేతికి అందినట్టు కాదు. యూనివర్సిటీల నెట్‌వర్కు చరిత్ర రాసేవాళ్లు కేబులు క్యాంపస్ గేటు దాకా వచ్చిన ఏడాదిని గుర్తుపెట్టుకుంటారు. నా లెక్క వేరు. హాస్టల్ గదిలోని విద్యార్థి తన సొంత కంప్యూటర్‌ను దానికి తగిలించుకోగలిగిన రోజే ఆ చరిత్రకు అసలు మొదలు.

గేటు దాకా వచ్చిన కథ చిన్నదే. 1986లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో విద్యా, పరిశోధన నెట్‌వర్కు ఎర్నెట్ మొదలైనప్పుడు అందులో ఉన్నవి ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ వంటి కొద్ది సంస్థలే. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. విద్యాసంస్థలనూ పరిశోధన సంస్థలనూ వేగవంతమైన లైన్లతో కలిపే నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్కుకు 2010 మార్చిలో 5,990 కోట్ల రూపాయలతో ఆమోదం దొరికింది. ఇదంతా ప్రభుత్వాల పని. గేటు నుంచి మంచం దాకా ఉన్న దూరం మాత్రం వార్డెన్లది, కంప్యూటర్ సెంటర్‌ది. అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ 1980ల మధ్యలోనే దిండుకో పోర్టు చొప్పున హాస్టళ్లకు తీగలు లాగింది. మన దగ్గర ఆ ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చింది. వచ్చాక కూడా మొదట్లో విద్యార్థి పడిన పాట్లు తక్కువేం కావు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లోనో, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో విడిభాగాలు కొని బిగించుకున్న డెస్క్‌టాప్‌కు ల్యాన్ కార్డు వేరేగా కొనాల్సి వచ్చేది. కేబులు కొసలకు ఆర్‌జె-45 కనెక్టర్లు క్రింప్ చేయించాల్సి వచ్చేది. మ్యాక్ అడ్రసు ఫారం మీద రాసిచ్చి, సంతకాలు పెట్టించి, ఐపీ అడ్రసు తెచ్చుకోవాల్సి వచ్చేది. ఆపైన బ్రౌజర్లో ప్రాక్సీ, పోర్టు నంబరు సరిగా కొట్టాల్సి వచ్చేది. కార్డూ కేబులూ కాక సాంకేతికంగా తప్పనిది నిజానికి ఇంకొక్కటే: రాగి తీగ మీద ఈథర్నెట్ నూరు మీటర్లకు మించి నమ్మకంగా నడవదు, కాబట్టి ప్రతి బ్లాకులోనూ ఒక స్విచ్ పెట్టాలి. మిగతావాటిలో చాలా భాగం నిర్వహణ పేరుతో నడిచిన అనుమతులే.

ఈ అనుమతుల మీద విద్యార్థి చదువు ఎంత ఆధారపడి ఉంటుందో చెప్పడానికి రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం మంచి ఉదాహరణ. అది ధార్వాడ నుంచి విడిపోయి 2008లో ఏర్పడింది. అంతకు ముందు ఏడాదే, 2007లో, వ్యవసాయ పరిశోధన పత్రికలను దేశంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయాలన్నిటికీ కలిపి చందా కట్టి అందించే సెరా కన్సార్షియం మొదలైంది. ఇలాంటి ఏర్పాట్లలో ప్రచురణకర్త తలుపు తీసేది మనిషిని చూసి కాదు, క్యాంపస్ ఐపీ అడ్రసును చూసి. అంటే కంది తెగుళ్ల మీదో, తుంగభద్ర ఆయకట్టు చౌడునేలల మీదో థీసిస్ రాసే విద్యార్థి గది క్యాంపస్ నెట్‌వర్కులో ఉంటే లైబ్రరీ రాత్రంతా తెరిచి ఉన్నట్టు. లేకపోతే అదే వ్యాసానికి డాలర్లలో ధర కనిపిస్తుంది. నెట్‌వర్కు హాస్టల్‌కు చేరడమంటే లైబ్రరీ గోడ జరగడమే. రెండో ఉదాహరణ ఇంకా విచిత్రం. 2019లో మొదలైన రాయచూరు ట్రిపుల్ ఐటీ మొదట రాయచూరులో లేదు. దాని తొలి విద్యార్థులకు పాఠాలు నడిచింది సంగారెడ్డి జిల్లా కందిలో, మెంటర్‌గా ఉన్న ఐఐటీ హైదరాబాద్ దగ్గర. 2020 చట్ట సవరణతో దానికి జాతీయ ప్రాధాన్య సంస్థ హోదా వచ్చింది. యరమరస్‌లోని ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ ఆవరణలో తాత్కాలిక క్యాంపస్ ఆ తర్వాతి మాట. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న జిల్లా తన సంస్థ కోసం మళ్లీ ఆ వైపే చూడవలసి వచ్చిందన్నమాట. పేరూ హోదా కాగితం మీద ఇవ్వొచ్చు. హాస్టలూ ల్యాబూ నెట్‌వర్కూ సిద్ధంగా ఉన్న చోటు అప్పు తీసుకోక తప్పదు.

గదిలో నెట్ ఇస్తే పిల్లలు చెడిపోతారన్నది పాత అభ్యంతరం. దాన్ని కొట్టిపారేయలేం. ఐఐటీ బొంబాయి అంతటి సంస్థే, విద్యార్థులు క్లాసులకు రావడం లేదనీ ఒకరితో ఒకరు కలవడం లేదనీ 2007లో హాస్టళ్లకు రాత్రిపూట ఇంటర్నెట్ ఆపింది. హాస్టల్ ల్యాన్ మీద చదువుకన్నా సినిమాలే ఎక్కువ తిరిగాయన్నది కూడా నిజమే. కానీ ఆటలు ఆపడానికి తీగ కోస్తే ఆడేవాడితో పాటు చదివేవాడూ నష్టపోతాడు. 2019లో కేరళ హైకోర్టు, కోళికోడ్ జిల్లాలో సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోన్లు వాడొద్దన్న ఒక కాలేజీ హాస్టల్ నిబంధనను పరిశీలించి, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో భాగమని చెప్పింది. సొంత కంప్యూటర్ ఉన్నవాళ్లకే ఈ వసతి పనికొస్తుందన్నది ఇంతకన్నా గట్టి అభ్యంతరం. దానికి జవాబు నెట్‌వర్కు మానేయడం కాదు. 2008లో ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన ఆర్‌జీయూకేటీ విశ్వవిద్యాలయం పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు ల్యాప్‌టాప్ కూడా తానే చేతికిచ్చింది.

2016 తర్వాత చౌకగా దొరికిన మొబైల్ డేటాతో ఈ వాదనకే కాలం చెల్లిందని కొందరంటారు. పాఠం వీడియో చూడటానికి ఫోను చాలు, ఒప్పుకుంటాను. కానీ మొబైల్ కంపెనీ ఐపీ నుంచి వెళ్లిన విద్యార్థి, వేరే లాగిన్ లేకపోతే, ప్రచురణకర్త దృష్టిలో బయటివాడే; ల్యాబులోని సర్వర్ కూడా చాలాచోట్ల అతన్ని లోపలికి రానివ్వదు. 2020లో కరోనాకు హాస్టళ్లు ఖాళీ అయినప్పుడు ఈ తేడా అందరికీ ఒక్కసారిగా తెలిసింది. అప్పటిదాకా ఐపీ అడ్రసునే నమ్ముకున్న లైబ్రరీలు యూజర్ పేరూ పాస్‌వర్డూ ఇచ్చి ఇంటి నుంచి ప్రవేశం కల్పించే పద్ధతుల వైపు హడావిడిగా మళ్లాయి.