కాఫీ మొక్కకి దుప్పటి కప్పింది ఎవరు?

సబ్బవరంలో చదువుకుంటున్న మనోళ్లకి డిసెంబరు చలి ఒక దుప్పటితో పోతుంది. అదే రోజుల్లో లంబసింగిలో గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకడుతుంది. ఆ ఊరి రెండో పేరే కొర్రబయలు. రాత్రి బయట ఉంటే కర్రలా బిగుసుకుపోతారని అర్థం చెప్తారు.

అలాంటి మన్యంలో చలికి తట్టుకోలేని కాఫీ ఎలా బతికింది? 1898లో బ్రోడీ అనే దొర పాములేరు లోయలో మొదట నాటించాడు. 1960 నుంచి అటవీ శాఖ పెద్ద తోటలు వేసింది. 2019లో అరకు కాఫీకి జీఐ గుర్తింపు వచ్చింది. చరిత్రలో ఇంతే రాస్తారు. నీడ చెట్టు సంగతి రాయరు.

మబ్బు, గాలి లేని రాత్రి నేల వేడి ఆకాశంలోకి పోతుంది. పైన కొమ్మలుంటే ఆ వేడి అంత తొందరగా పోదు. 1975 జులైలో బ్రెజిల్ పరానాలో నీడ లేని కాఫీ తోటలు ఒక్క మంచుకే మాడిపోయాయి. మన దగ్గర సిల్వర్ ఓక్, అడవి చెట్లు కాపు కాశాయి. వాటిని పెంచింది మన అమ్మమ్మలు, తాతలు.

నారుకి సాయంత్రం గడ్డి కప్పండి, పొద్దెక్కాక తియ్యండి. కలప ధర చూసి మాత్రం నీడ చెట్టు కొట్టకండి. అది పోతే తోట మీద దుప్పటి పోయినట్టే.