హార్స్‌లీ ఎవరు మామా?

చాలా ఏళ్ళ క్రితం లండన్ నుంచి మా క్లయింట్ ఒకాయన బెంగుళూరు వచ్చాడు. మాది తిరుపతి అని చెప్తే, "మీ వైపు మావాళ్ళ ఆనవాళ్ళు ఏమైనా ఉన్నాయా?" అని అడిగాడు. "అబ్బే, మా ఊళ్ళో గుడి తప్ప ఏమీ లేదు, అవన్నీ చూడాలంటే మద్రాసు వెళ్ళాలి" అని ఠక్కున చెప్పేశాను. అది ఎంత తప్పో తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మా అక్క కూతురు హార్స్‌లీ హిల్స్ చూపించమంది. దార్లో "హార్స్‌లీ ఎవరు మామా?" అనడిగింది. నా దగ్గర జవాబు లేదు. పదిసార్లు వెళ్ళుంటాను ఆ కొండకి! ఆ సిగ్గుతోనే నాలుగు పుస్తకాలు తిరగేసి, మూడు రోజులు కారేసుకుని తిరిగాను. ఆ తిరుగుడు కథే ఇది.

ముందు చంద్రగిరి. "ఆ పాత కోటలో ఏముందిరా నాయనా" అంది అమ్మ. తిరుపతికి ఇంత దగ్గర, అందుకే మనకి లోకువ. 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకి, అక్కణ్ణుంచి చంద్రగిరికి మారారు. 1639లో ఫ్రాన్సిస్ డే అనే కంపెనీ ఉద్యోగి కోట కట్టుకోవడానికి సముద్రం ఒడ్డున కాస్త చోటు అడిగితే, ఈ రాజుల కింద ఏలుతున్న దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇచ్చాడు. మన మద్రాసు అలా మొదలైంది. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. అంటే నేను క్లయింటుని పొమ్మన్న మద్రాసు పుట్టడానికి అనుమతి మా పక్కూరి రాజుల ఏలుబడిలోనే దొరికిందన్నమాట. కర్ర వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన మూడంతస్తుల రాజమహల్ ఇప్పటికీ నిలబడే ఉంది, లోపల మ్యూజియం. మేం వెళ్ళిన రోజు అక్కడున్నది పట్టుమని ఇరవై మంది.

రెండోది మనం రోజూ చూస్తూనే గుర్తించనిది, తిరుమల. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యంతో పాటు గుడి ఆదాయం కూడా కంపెనీ చేతికొచ్చింది. కంపెనీవాళ్ళు మంచి అకౌంటెంట్లు కదా, 1821లో బ్రూస్ కోడ్ అని నిబంధనలన్నీ కాగితం మీద పెట్టారు. అప్పుడు మద్రాసు గవర్నరు థామస్ మన్రో. ఆయన పేరుతో గుడిలో 'మన్రో గంగాళం' ఉందని మీలో చాలామంది వినే ఉంటారు. క్రైస్తవ కంపెనీ హిందూ గుళ్ళు నడపడమేంటని ఇంగ్లండులో గొడవ పెరిగి, 1843లో పెత్తనం హథీరాంజీ మఠానికి అప్పగించారు. 1933లో టీటీడీ వచ్చేదాకా మహంతులే నడిపారు. గంగాళం కథ అందరికీ తెలుసు, నలభై ఏళ్ళ లెక్కల కథ ఎవరూ చెప్పరు. భక్తి కథ గుర్తుండిపోతుంది, డబ్బు కథ మర్చిపోతాం.

మూడోది హార్స్‌లీ హిల్స్. డబ్ల్యూ.డి. హార్స్‌లీ కడప కలెక్టరు. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలోనే ఉండేది, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది (2022లో మళ్ళీ విడిపోయింది, అది వేరే సంగతి). మన ఎండలకి తట్టుకోలేక నాలుగు వేల అడుగుల పైన ఇల్లు కట్టించుకున్నాడు. కొండ పేరే మారిపోయింది. అంతకుముందు దాని పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కొండ మీద మల్లమ్మ అనే అమ్మాయిని ఏనుగులు సాకాయని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. పేరు మార్చమని ధర్నా చెయ్యమనడం లేదు నేను. కానీ ఎండాకాలం చల్లగాలికొచ్చిన ఆయన పేరు బస్సు బోర్డు మీదుంది, తరతరాలుగా ఉన్న మల్లమ్మ పేరు నాకే తెలీదు. పిల్లకి ఈ రెండు పేర్లూ చెప్పాను. దానికి మల్లమ్మే నచ్చింది :)

అలాగని దొరలందరినీ ఒకే గాటన కట్టెయ్యలేం. కొండ దిగితే మదనపల్లె. అనీ బిసెంట్ 1915లో పెట్టిన కాలేజీ అక్కడుంది. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐరిష్‌వాడు. 1916లో బ్రిటిష్ వాళ్ళ మీద ఐర్లండులో జరిగిన తిరుగుబాటుని మెచ్చుకుంటూ రాసి, మద్రాసులో పత్రిక ఉద్యోగం పోగొట్టుకుని ఇక్కడికొచ్చాడు. 1919 ఫిబ్రవరిలో టాగోరు ఆయన అతిథిగా వచ్చి జనగణమన పాడి, ఇక్కడే దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. కజిన్స్ భార్య మార్గరెట్ ఆ పాట స్వరాల్ని రాసిపెట్టింది. ఆవిడ దేశం కూడా అప్పుడు ఇంగ్లీషువాళ్ళ కిందే ఉందని గుర్తు పెట్టుకోండి.

మనం శుక్రవారం రాత్రి ఊటీకో కూర్గుకో పరిగెడతాం. బెంగుళూరు నుంచి హార్స్‌లీ హిల్స్ నాలుగు గంటల లోపే. మరుసటి రోజు చంద్రగిరి చూసుకుని ఇంటికెళ్ళిపోవచ్చు. ఆ క్లయింటు ఇప్పుడెక్కడున్నాడో తెలీదు. మళ్ళీ అడిగితే మాత్రం చంద్రగిరి నుంచే మొదలుపెడతాను.