ఓర్పు, వేదన, నల్లమందు

వ్యాధుల చరిత్రకారులు కలరా, మశూచి, ప్లేగులకు ఇచ్చినంత చోటు రోగి పడిన బాధకు ఇవ్వలేదు. మహమ్మారికి మరణాల లెక్క ఉంటుంది. బాధకు ఏ దస్తావేజులోనూ పద్దు ఉండదు. అందువలన పందొమ్మిదవ శతాబ్దంలో మన దేశపు క్యాన్సరు రోగి తన నొప్పిని ఏమని తలచాడో తెలిపే ఆధారాలు అరుదు. ఉన్నవాటిలో వివరమైనవి శ్రీరామకృష్ణ పరమహంస చివరి నెలలకు చెందినవి.

1885లో ఆయన గొంతులో పుండు ఏర్పడింది. చికిత్స కొరకు కలకత్తాలోని శ్యాంపుకూరుకు, డిసెంబరులో కాశీపూరు తోట ఇంటికి తరలించారు. 1886 ఆగస్టు 16న అక్కడే కన్నుమూశారు. వైద్యుడు మహేంద్రలాల్ సర్కార్ 1876లో విజ్ఞాన పరిశోధనా సంస్థను నెలకొల్పిన హేతువాది. మాట్లాడరాదని రోగిని శాసించి, తానే గంటల తరబడి ఆయనతో ముచ్చటిస్తూ కూర్చునేవాడట! మహేంద్రనాథ గుప్త వ్రాసుకున్న దినచర్యలో మింగలేని అన్నం ఉన్నది, నిద్రలేని రాత్రులు ఉన్నవి. శిష్యులు విలపిస్తారనే తాను ఇంత బాధను భరిస్తున్నట్లు పరమహంస చెప్పిన మాట కూడా అందులో కనబడుతుంది.

రమణ మహర్షి ఎడమ మోచేతి దగ్గర లేచిన కంతికి 1949లో నాలుగు మార్లు శస్త్రచికిత్స జరిగింది. చేయి తీసివేయాలన్న సూచనను ఆయన అంగీకరించలేదు. అయితే ఆయుర్వేదం, హోమియోపతి, ఆధునిక వైద్యం - భక్తులు ఏది తెచ్చినా వారి మనసు నొప్పించక స్వీకరించారు. 1950 ఏప్రిల్ 14న నిర్యాణం చెందారు. ఆ ఆశ్రమ జీవితాన్ని సూరి నాగమ్మ తన అన్నగారికి తెలుగులో వ్రాసిన లేఖలు మనకు దక్కడం తెలుగువారి భాగ్యం.

ఈ ఇద్దరి ఉదాహరణలను సామాన్య రోగికి ఓర్పు బోధించడానికి వాడుకోవడం పరిపాటి. అది సరియైన పఠనం కాదు. ఇద్దరూ వైద్యాన్ని నిరాకరించలేదు. ఇద్దరి చుట్టూ రాత్రింబవళ్లు సేవ చేసినవారు ఉన్నారు. పూర్వజన్మ కర్మ అని సరిపెట్టుకొని, ఇంటివారికి భారం కారాదని పళ్లు బిగబట్టి మూల గదిలో పడుకున్న వృద్ధురాలికి ఆ సేవ ఎక్కడిది?

మందు లేదా అంటే, ఉన్నది. గాజీపూరులో 1820 నాటి నల్లమందు కర్మాగారం ఉన్నది. తరతరాలుగా నల్లమందు గృహవైద్యంలో భాగమేనని 1893లో నియమితమైన రాయల్ కమిషన్ ఎదుట అనేకులు సాక్ష్యం చెప్పారు. దాని సారమైన మార్ఫిన్‌ను క్యాన్సరు నొప్పికి నోటి ద్వారా, వేళ తప్పక ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో సూచించింది. సరిగ్గా అంతకు ముందు సంవత్సరమే, 1985 నవంబరులో, మన మాదకద్రవ్యాల చట్టం అమలులోకి వచ్చింది. కఠిన శిక్షలకు జడిసి, పలు లైసెన్సుల చిక్కులకు విసిగి, ఆసుపత్రులు ఆ మందును నిలువ ఉంచడమే మానుకున్నాయి. 1997 నాటికి వైద్యానికి వాడిన మార్ఫిన్ సుమారు 97 శాతం పడిపోయింది. నల్లమందును ప్రపంచానికి ఎగుమతి చేసే దేశంలో ఇది జరిగింది! చట్టం ఉద్దేశం మంచిదే. దాని భారం మాత్రం ఏ నేరమూ ఎరుగని రోగిపై పడింది. 2014 సవరణ ఈ లోపాన్ని కొంత సరిదిద్దింది.

ఈ మధ్యకాలంలోనే, 1993లో, కాలికట్ వైద్య కళాశాలలో వైద్యులు, స్వచ్ఛంద సేవకులు కలిసి ఉపశమన చికిత్సకు పూనుకున్నారు. రోగి చెప్పినదే నొప్పికి ప్రమాణమని పాటించారు. లండనులో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ ఆశ్రయాన్ని స్థాపించిన సిసిలీ సాండర్స్ దేహబాధతోపాటు భయాన్ని, అప్పును, ఒంటరితనాన్ని, దైవచింతను కలిపి చూడాలన్నది కూడా ఇటువంటి దృష్టితోనే.

రోగి చెప్పాలంటే మాట కావాలి. నొప్పిని వర్ణించే పదాలతో 1975లో రోనాల్డ్ మెల్జాక్ ఒక ఆంగ్ల ప్రశ్నావళిని ప్రకటించాడు. తెలుగులో ఆ సంపదకు కొదువ లేదు: పోటు, సలుపు, మంట, గుంజు, పీకు, తీపు, నులి. ఇవి పర్యాయపదాలు కావు. మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్లుండటం తరచు నరాలకు సంబంధించిన బాధను తెలుపుతాయి; దానికి మార్ఫిన్ ఒక్కటే చాలదు, వేరే మందులు జోడించవలసి వస్తుంది. పల్లె నుండి వచ్చిన రోగి "సలుపుతున్నదయ్యా" అన్నప్పుడు, కేసు కాగితంపై కేవలం "నొప్పి" అని వ్రాసుకుంటే ఆ తేడా అక్కడే పోతుంది.