చలిజ్వరపు మందు – చర్మరోగము

చేజర్లవంటి గ్రామములలో మన తాతలెఱిగిన సీమమందు క్వినైను. నెల్లూరు మదరాసు రాజధానిలో నుండిన కాలమున దొరతనమువారు నీలగిరులపై సింకోనాచెట్లు పెంచి, వాని బెరడునుండి దీనిని తీయించి, తపాలాకచ్చేరీలలో పొట్లములుగా అమ్మించిరి. ఇది చలిజ్వరమునకే యని లోకులు తలచిరి.

1894లో లండనునందు పేన్ అను వైద్యుడు దీనిని లూపస్ అను వ్యాధికి వాడిచూచెను. ఈ వ్యాధియందు మొగముపై ఎఱ్ఱని మచ్చలు లేచును. ఎండ తగిలినచో ముదురును. ఇది అంటురోగము కాదు, శాపము అంతకంటె కాదు. మనలను కాపాడవలసిన దేహరక్షణశక్తియే తిరుగబడి చర్మమును, కీళ్లను, ఒక్కొక్కప్పుడు మూత్రపిండములను బాధించును. స్త్రీలకే మిక్కిలిగా వచ్చును.

పేన్ మాట చాలకాలము మరుగునబడెను. 1942లో జావా జపానువారి వశము కాగా క్వినైను కరవై, సైనికులకు మెపాక్రిన్ అను పసుపు బిళ్లల నిచ్చిరి. మింగినవారి మేనును పసుపువన్నె తిరిగెడిది! 1951లో పేజ్ అను ఆంగ్లవైద్యుడు వానినే 18 మంది లూపస్ రోగులకిచ్చి, సత్ఫలితములను ప్రకటించెను. 1955లో అమెరికాలో హైడ్రాక్సీక్లోరోక్విన్‌కు అనుమతి లభించెను. నేటికిని లూపస్‌నకు ఇది ముఖ్యమైన మందు. గుణము కనబడుటకు నెలలు పట్టును, తొందరపడి మానరాదు. ఏండ్ల తరబడి వాడువారు కన్నులు పరీక్ష చేయించుకొనవలెను.

2020లో కరోనాకు ఇదియే మందని వదంతి పుట్టి జనులు అంగళ్లపై బడిరి. ఆ మందు కరోనాకు పనిచేయదని పిదప పరిశోధనలలో తేలినది. ఈలోపల పలుదేశములలో లూపస్ రోగులు బిళ్లలు దొరకక అలమటించిరి.