విల్లా దెస్తె

ఇటలీలో రోమ్ నగరానికి తూర్పున సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, తివోలి పట్టణపు కొండవాలున ఉన్న 16వ శతాబ్దపు భవనం, ఉద్యానవనం. 1550లో తివోలి గవర్నరుగా నియమితుడైన కార్డినల్ రెండవ ఇప్పోలితో దెస్తె దీన్ని తలపెట్టాడు. రూపశిల్పి పిర్రో లిగోరియో. 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఇక్కడి ఫౌంటెన్లను పంపుల అవసరం లేకుండా నిర్మించారు. అనియేనె నది నీటిని పట్టణం అడుగున తొలిచిన సొరంగం గుండా తోట ఎగువకు తెచ్చారు. అక్కడి నుంచి పల్లానికి దిగే నీటి ఒత్తిడే ధారలను పైకి చిమ్ముతుంది. సందర్శకులు పైనున్న భవనం గుండా ప్రవేశించి, నీటి వెంటే మెట్లు దిగుతారు. ‘నూరు ఫౌంటెన్ల’ బాట పక్కన ఒక నిమిషం ఊరికే నిలబడాలి. వరుసలు వరుసలుగా జారే ఆ నీటి సవ్వడిని ఏ ఫొటో పట్టివ్వలేదు.

పనితనంలో అన్నిటికన్నా అబ్బురమైనది నీటితో మోగే వాద్యమైన ఆర్గన్ ఫౌంటెన్. ఎత్తు నుంచి పడే నీరు తనతో గాలిని లాక్కొచ్చి మూసిన గదిలోకి చేరుతుంది. ఆ గాలి గొట్టాల్లోకి వెళ్లి స్వరమవుతుంది. నీటితో తిరిగే, పళ్లున్న సిలిండర్ మీటలు నొక్కుతుంది. దీర్ఘకాలం మూగబోయిన ఈ వాద్యం పునరుద్ధరణ తర్వాత నిర్ణీత వేళల్లో మళ్లీ మోగుతోంది.

దాని కిందుగా ఉన్న భారీ నెప్ట్యూన్ ఫౌంటెన్ మాత్రం 20వ శతాబ్దపు చేర్పు. ఇక్కడ బస చేసిన స్వరకర్త ఫ్రాన్జ్ లిస్ట్ 1877లో ఈ ఫౌంటెన్లపై ఒక పియానో రచన చేశాడు.