స్టేట్ స్ట్రీట్ గుట్టమీది తుపాకుల కార్ఖానా

మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పేరు చెప్పగానే చాలామందికి బాస్కెట్‌బాల్ గుర్తొస్తుంది. 1891లో ఆ ఆట పుట్టింది ఇక్కడే. కానీ ఈ పట్నానికి అన్నం పెట్టింది మాత్రం స్టేట్ స్ట్రీట్ ఎక్కితే గుట్టమీద కనిపించే ఎర్రిటుకల భవనాలు. చుట్టూ ఈటె మొనల్లాంటి కొసలతో ఇనుప కంచె ఉంది. పాత ఫిరంగులు కరిగించి పోతపోసిన కంచె అది. లోపల ఒక పక్క కాలేజీ, ఇంకో పక్క మ్యూజియం. 1794 నుంచి 1968 దాకా ఇది అమెరికా ప్రభుత్వ ఆయుధ కర్మాగారం.

మ్యూజియంలో 1861 నమూనా రైఫిల్ మస్కెట్లను నిలువునా వరుసలు పేర్చిన పెద్ద చట్రం ఉంది. 1843లో పెళ్లయిన కొత్తలో భార్యతో కలిసి వచ్చిన కవి లాంగ్‌ఫెలోకి, అప్పటి తుపాకుల వరుసలు చర్చిలోని ఆర్గన్ గొట్టాల్లా కనిపించాయి. యుద్ధం వద్దని కవిత రాశాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు ఇదే గుట్ట మునుపెన్నడూ లేనన్ని తుపాకులు చేసింది.

వాటిలో ఒకదాన్ని దగ్గరగా చూడాలి. బరువు నాలుగు కిలోల పైచిలుకు. గొట్టం పొడవు 40 అంగుళాలు. రంగు వేయని ఇనుము తళతళలాడుతుంది. కట్టె భాగం నల్ల వాల్‌నట్ చెక్క. పక్క పలకమీద గద్ద బొమ్మ, ఊరి పేరు, తయారైన సంవత్సరం. గొట్టం మొదట్లో వీ, పీ అక్షరాలు, గద్ద తల ముద్ర. మామూలు కన్నా ఎక్కువ మందు దట్టించి పేల్చినా పగలని గొట్టానికే ఆ ముద్ర పడేది. గొట్టం లోపల మెలి తిరిగిన మూడు గాడులుంటాయి. తూటా గొట్టం కంటే సన్నగా ఉండి సులువుగా దిగుతుంది. అడుగు బోలుగా ఉండడంతో మందు పేలగానే వెడల్పయి గాడుల్ని పట్టుకుంటుంది. గిరగిరా తిరుగుతూ దూరం పోతుంది. అది తగిలిన ఎముక నుజ్జయ్యేది. అమెరికా అంతర్యుద్ధంలో డాక్టర్లు అన్ని కాళ్లూ చేతులూ కోయాల్సి రావడానికి పెద్ద కారణం ఆ మెత్తని సీసపు తూటాయే.

అంతకు ముందరి 1855 నమూనాలో మందు అంటించేందుకు మేనార్డ్ టేపు ఉండేది. దీపావళికి పిల్లలు పేల్చే రీలు తుపాకీలో లాగే, కాగితపు రీలుమీది చుక్కలు ఒకటొకటిగా పేలేవి. చెమ్మ తగిలితే పనిచేసేది కాదు. 1861లో దాన్ని తీసేశారు.

అంతర్యుద్ధం మొదలవగానే, 1861 ఏప్రిల్ 18 రాత్రి వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ ప్రభుత్వ ఆయుధ కర్మాగారాన్ని, శత్రువుల చేతికి చిక్కకూడదని ఉత్తరాది సైనికులే తగలబెట్టారు. యంత్రాలు చాలావరకు కాలలేదు. దక్షిణాదివాళ్లు వాటిని రిచ్‌మండ్‌కీ ఫేయట్‌విల్‌కీ తరలించుకుపోయారు. ఉత్తరాది ప్రభుత్వానికి సొంతంగా మిగిలిన కర్మాగారం స్ప్రింగ్‌ఫీల్డ్ ఒక్కటే. దాన్ని నడిపిన అలెగ్జాండర్ డయ్యర్ పుట్టింది రిచ్‌మండ్‌లో. అయినా ఉత్తరాది పక్షానే నిలిచాడు. ఏడాదికి పదివేలకు అటూ ఇటూగా ఉన్న ఉత్పత్తి 1864కల్లా రెండున్నర లక్షలు దాటింది. కోల్ట్ లాంటి ప్రైవేటు కంపెనీలకు ఒక్కో తుపాకీకి సుమారు 20 డాలర్ల చొప్పున కాంట్రాక్టులిచ్చారు. ఈ గుట్టమీద, మిల్ నది ఒడ్డున గొట్టాలు చేసే వాటర్‌షాప్స్‌లో కలిపి యుద్ధకాలంలో తయారైనవే దాదాపు 8 లక్షలు.

యుద్ధం ముంచుకొచ్చాక హడావిడిగా నేర్చుకున్న పని అయితే ఇన్ని తుపాకులు వచ్చేవి కావు. దాని వెనక నలభై ఏళ్ల సాధన ఉంది. వంకరటింకర కట్టెను ఇనుప అచ్చు చూసి దానంతటదే చెక్కే లేతును థామస్ బ్లాంచర్డ్ 1820 ప్రాంతంలోనే కనిపెట్టాడు. ప్రతి భాగాన్నీ గేజీ పెట్టి సరిచూసే అలవాటు మెల్లగా స్థిరపడింది. 1842 నమూనా నాటికి ఒక తుపాకీ భాగం ఇంకోదానికి సరిపోయే స్థాయి వచ్చింది.

1854లో బ్రిటిష్ బృందం వచ్చి పరీక్ష పెట్టింది. 1844 నుంచి 1853 దాకా ఏడాదికొకటి చొప్పున పది తుపాకులు తీయించి, అన్నీ విప్పించి, భాగాలు కలగలిపేశారు. చేతికందిన భాగం ఇస్తుంటే పనివాడు స్క్రూడ్రైవర్ ఒక్కటే పట్టుకుని పది తుపాకులూ మళ్లీ బిగించేశాడు. ఈ ఊరి చరిత్రలో ఏ యుద్ధ విజయం కన్నా గొప్ప ఘట్టం ఇదే. పేరు నిలవని ఆ పనివాడికి ఇక్కడ ఒక విగ్రహం ఉండాల్సింది.

చూసినవాళ్లు ఊరుకోలేదు. అమెరికన్ యంత్రాలు కొని లండన్ దగ్గరి ఎన్‌ఫీల్డ్‌లో పెట్టారు. హార్పర్స్ ఫెర్రీలో తూటాకు మెరుగులు దిద్దిన జేమ్స్ బర్టన్‌ను ఇంజినీరుగా తీసుకెళ్లారు. అంతర్యుద్ధం మొదలయ్యాక అతను రిచ్‌మండ్‌లో దక్షిణాది తుపాకుల తయారీ చూశాడు. 1857లో మన దేశంలో సిపాయిలు కొవ్వు పూసిన తూటాలను కొరకబోమని తిరగబడింది ఈ ఎన్‌ఫీల్డ్ 1853 నమూనా తుపాకీ దగ్గరే. ఎన్‌ఫీల్డ్, 1861 స్ప్రింగ్‌ఫీల్డ్ రెండూ ఒకే కాలపు ఆలోచనలోంచి వచ్చినవి.

1865లో యుద్ధం ఆగేసరికి గిడ్డంగుల నిండా లక్షల మస్కెట్లు. మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి అప్పటికే కాలం చెల్లింది. ఇక్కడి మాస్టర్ ఆర్మరర్ (తయారీ పనుల పెద్ద) ఎర్స్‌కిన్ ఆలిన్ గొట్టం వెనక భాగం కోసి, మూత తెరిచి తూటా పెట్టే ఏర్పాటు చేశాడు. ఆయన పొడి అక్షరాల ముద్ర చాలా పాత మస్కెట్ల కట్టెమీద ఇప్పటికీ కనిపిస్తుంది. తన చేతి మీదుగా పాసైన తుపాకులనే ఆయన మళ్లీ కోయించి కొత్త తరానికి పనికొచ్చేలా చేయించాడు.