గడ్డిభూముల్లో పురుగుల లెక్క: డీఎన్ఏ పద్ధతి

ఒక పచ్చిక బయలులో ఎన్ని రకాల కీటకాలున్నాయో తేల్చడం పాత పద్ధతిలో ఏళ్ల తరబడి సాగే పని. వలతో పట్టాలి, సూదికి గుచ్చాలి, భూతద్దం కింద రెక్కల ఈనెలు, కాళ్ల నూగు చూసి పేరు నిర్ణయించాలి. అంత ఓపికగా చూడగలిగిన నిపుణులు కొద్దిమందే. అందుకే ఇప్పుడు డీఎన్ఏ సాయం తీసుకుంటున్నారు.

దీనికి పునాది 2003లో పడింది. జంతుకణాల మైటోకాండ్రియాలో ఉండే సీఓ1 జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్క జాతిజాతికీ మారుతుందని, దాన్ని గుర్తింపు సంఖ్యలా వాడవచ్చని కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించింది. అదే డీఎన్ఏ బార్‌కోడ్.

బయలులో మలేస్ వల అనే గుడారం లాంటిది కడతారు. ఎగిరే పురుగులు గుడ్డకు తగిలి, పైకి పాకి, కొనకు బిగించిన ఆల్కహాల్ సీసాలో పడతాయి. జర్మనీలోని క్రెఫెల్డ్ ఔత్సాహికుల సంఘం ఇలాంటి వలలతో 63 రక్షిత ప్రాంతాల్లో పట్టిన పురుగులను తూచి చూస్తే, 27 ఏళ్లలో వాటి బరువు 75 శాతానికి పైగా పడిపోయిందని 2017లో తేలింది. కానీ ఏయే జాతులు తగ్గాయో తూకం చెప్పదు కదా! అది తెలియడానికి సీసాలోని పురుగులను కలిపి నూరి, డీఎన్ఏ తీసి, పీసీఆర్‌తో ఆ ముక్కను పెంచి, అక్షరాల వరుస చదివి, తెలిసిన బార్‌కోడ్ల జాబితాతో పోలుస్తారు. పురుగును పట్టకుండానే, అది వాలిన పువ్వు మీది ఆనవాళ్లతోనూ చేయవచ్చు. డెన్మార్క్‌లో రెండు గడ్డిభూముల పూల నుంచి ఇలా కనీసం 135 జాతుల కీటకాలు, సాలీళ్ల వంటివాటి జాడ తీసినట్టు 2019లో ప్రకటించారు.

లోపాలూ ఉన్నాయి. ఏ జాతులున్నాయో తెలుస్తుంది గానీ, ఒక్కోటి ఎన్ని ఉన్నాయో సరిగా తెలియదు. సాలీడు తిన్న ఈగ డీఎన్ఏ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. పువ్వు మీది ఆనవాళ్లు ఎండకూ వానకూ చెరిగిపోతాయి.

గుమాస్తాగిరీలో జీవితం గడిపిన మాకు అన్నిటికన్నా పెద్ద చిక్కుగా తోచేది జాబితాయే. రిజిస్టరులో పేరు లేని పురుగు, యంత్రం చదివినా, పేరు లేనిదిగానే మిగులుతుంది. మన దేశంలో గడ్డిభూములకే ఆ గతి పట్టింది. దక్కను పీఠభూమిలో చాలా బయళ్లు కాగితాల మీద ‘బంజరు’. బంజరులో ఏం పోయిందని అడిగేదెవరు?

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల్లో ఏర్పడిన కమిటీలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారుచేయాలి. అందులో స్థానిక నామానికి ఒక గడి ఉంటుంది. హోసూరులోనైనా, కోలారులోనైనా మన పెద్దలు చెప్పే పేర్లు ఆ గడిలో రాయించవచ్చు. గొల్లభామ అనే పేరు ఒకచోట ఒక పురుగుకు, మరోచోట మరో పురుగుకు చెల్లుతుంది కనుక ఫొటో, తేదీ, స్థలం జతచేయించండి. ఆరుద్రపురుగు ఎనిమిది కాళ్ల నల్లి జాతిదే, కీటకం కాదు. అయినా దాన్నీ రాయించండి.